క్లాసులో మైండ్‌ఫుల్‌నెస్: కళ్లు మూయించడం వరకూ సరే, ఆ తర్వాత?

సుద్దముక్క
సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. ఈ ఏడాది నుంచి మా స్కూల్లో మొదటి పీరియడ్ మొదటి రెండు నిమిషాలు మైండ్‌ఫుల్‌నెస్ అన్నారు. ఒక పూట ట్రైనింగ్ ఇచ్చి, చేతిలో ఒక కాగితం పెట్టారు. "కళ్లు మూసుకోండి, వీపు నిటారుగా పెట్టండి, శ్వాసను గమనించండి" అని ఉంది దాంట్లో. అంతే.

మొదటి వారం పిల్లలకి కొత్త కాబట్టి బుద్ధిగా కూర్చున్నారు. రెండో వారం మొదలైంది. ఒకడు కిసుక్కుమంటాడు, కళ్లు మూసుకునే నలుగురు వాడితో శ్రుతి కలుపుతారు. మూడో బెంచీలో ఒకమ్మాయి నిజంగానే నిద్రపోతోంది. ఇంకొకడు పక్కవాడిని గిల్లి, శ్వాసను గమనిస్తున్నట్టు మొహం పెడతాడు. మరో అబ్బాయి అసలు కళ్లే మూయడు. అల్లరివాడు కాదు. తల దించుకుని, గుమ్మం వైపు ఓరగా చూస్తుంటాడు.

మొన్న గురువారం నాకు ఓపిక చచ్చిపోయింది. "ప్రశాంతంగా కూర్చోమంటే అర్థం కాదా మీకు!" అని అరిచి, డస్టరు బల్లకేసి కొట్టాను. సుద్దపొడి లేచింది. క్లాసంతా గప్‌చుప్. ఆ నిశ్శబ్దంలో నేనన్న మాట నాకే వినపడి సిగ్గేసింది. మొదటి బెంచీ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. ఆ నవ్వులో తప్పేం లేదు.

మీలో ఎవరైనా దీన్ని క్లాసులో నిజంగా చేస్తున్నారా? పని చేస్తుందా, లేక రిజిస్టరులో టిక్కు పెట్టడానికేనా? ఆ కళ్లు మూయని అబ్బాయిని ఏం చెయ్యాలి?


వెనకబెంచి
సోమవారం, రాత్రి 10:05

మా చిన్నప్పుడు దీన్నే "తల బల్ల మీద పెట్టుకుని పడుకోండి" అనేవాళ్లు. మాకు బానే పని చేసింది సార్, టీచర్ గారు కూడా కాసేపు పడుకునేవారు.


తెలుగుపీరియడ్
సోమవారం, రాత్రి 10:31

సుద్దముక్క గారూ, ముందుగా మాట గురించి ఒక మాట. మీ కాగితంలో దీన్ని తెలుగులో ఏమన్నారు? మా దగ్గర "సావధానత" అని రాసిచ్చారు. అర్థం ప్రకారం తప్పు కాదు. కానీ పిల్లలకి "సావధాన్" అంటే గ్రౌండులో పీఈటీ సారు గొంతు. ఆ మాట వినగానే మా క్లాసులో ముప్పై మంది మడమలు కలిపి బిర్రబిగుసుకున్నారు. నేర్పాలనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం.

"ధ్యానం" అంటే ఇంకో చిక్కు. ఇంట్లో చూసినదాన్ని బట్టి ఒక్కొక్కరికీ ఒక్కో బొమ్మ మనసులో వస్తుంది. అందుకని నేను "పరధ్యానం" అన్న మాటతో మొదలుపెట్టాను. అది ప్రతి పిల్లాడికీ తెలుసు, రోజుకి పదిసార్లు తిట్టించుకుంటాడు కదా. "పరధ్యానంలోకి వెళ్లడం తప్పు కాదు, అందరి మనసూ వెళ్తుంది. వెళ్లిందని ఎప్పుడు తెలిసింది? ఆ తెలిసిన క్షణం చెప్పండి చాలు" అన్నాను. తిట్టు కాస్తా ఆట అయింది.

ఇది నా సొంత కవిత్వం కాదు. మైండ్‌ఫుల్‌నెస్ అని ఇంగ్లీషులోకి వెళ్లిన మాట, పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో "సతి". 1881లో రైస్ డేవిడ్స్ అనే ఇంగ్లీషు పండితుడు బౌద్ధ సూత్రాల అనువాదంలో ఆ ఇంగ్లీషు మాట వాడాడు. సంస్కృతంలో అదే "స్మృతి", అంటే జ్ఞాపకం. ఇందాక ఎక్కడున్నానో గుర్తుకు రావడం. మనసు కదలకుండా ఉండాలని ఆ మాటలో ఎక్కడా లేదు. మనం పిల్లల్ని అడుగుతున్నది మాత్రం కదలకుండా ఉండమని.


లెక్కతేలాలి
మంగళవారం, ఉదయం 6:50

మాటల సంగతి సరే. పని చేస్తుందా అని అడిగారు కాబట్టి చెప్తున్నాను, కొంచెం చేదుగా ఉంటుంది.

దీని మీద జరిగిన పెద్ద ప్రయోగం బ్రిటన్‌లోది, మిరియాడ్ అంటారు. 80కి పైగా స్కూళ్లు, 11 నుంచి 14 ఏళ్ల మధ్య పిల్లలు 8 వేల మందికి పైగా. కొన్ని స్కూళ్లలో టీచర్లకి ముందు సొంతంగా సాధన నేర్పించి, ఆ తర్వాత పిల్లలకి 10 పాఠాలు చెప్పించారు. మిగతా స్కూళ్లలో మామూలుగా జరిగేదే జరిగింది. 2022లో ఫలితాలు వచ్చాయి. డిప్రెషన్ ముప్పులో గానీ, ప్రవర్తనలో గానీ, సంతోషంలో గానీ మామూలు స్కూళ్ల కంటే మెరుగేమీ కనపడలేదు. ఎక్కువ మంది పిల్లలు ఇంటి దగ్గర సాధనే చెయ్యలేదట. ఎందుకు చేస్తారు?

అంత శిక్షణ ఇచ్చిన చోటే అలా ఉంటే, ఒక పూట ట్రైనింగూ ఒక కాగితంతో ఏమవుతుంది? డస్టరు లేవడం మీ తప్పు కాదు సార్.


సుద్దముక్క
మంగళవారం, ఉదయం 7:15

చదివాను. మనసు చివుక్కుమంది గానీ, కొంచెం తేలిగ్గా కూడా ఉంది. నా ఒక్కడి చేతకానితనం కాదన్నమాట.


సిలబస్_పరుగు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

అసలు టైమెక్కడిది? రోజుకి రెండు నిమిషాలంటే వినడానికి చిన్నదే. 220 పనిరోజులకి 440 నిమిషాలు. 45 నిమిషాల పీరియడ్లు దాదాపు పది. పది పీరియడ్లంటే నాకు ఒక చాప్టరు అయిపోతుంది. పైగా దీనికీ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాలి, రిజిస్టరు రాయాలి. శ్వాసను గమనిస్తున్న పిల్లల్ని మేం ఫోన్లో గమనిస్తున్నాం.


వెనకబెంచి
మంగళవారం, మధ్యాహ్నం 1:34

ఆ ఫొటోలో కళ్లు తెరిచినవాడికి మళ్లీ రీటేక్ కూడానా?


సిలబస్_పరుగు
మంగళవారం, మధ్యాహ్నం 1:36

నవ్వకండి, అయింది.


నిర్వాహకులు
మంగళవారం, సాయంత్రం 4:00

పై అధికారుల మీద, రిజిస్టర్ల మీద వేరే చర్చ నడుస్తోంది. ఇక్కడ క్లాసు వరకే ఉందాం.


వినేచెవి
మంగళవారం, రాత్రి 8:48

నేను స్కూలు కౌన్సెలర్‌ని. కళ్లు మూయని అబ్బాయి గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను.

దయచేసి వాడిని బలవంతం చెయ్యకండి. కళ్లు మూసుకోవడమంటే చుట్టూ ఉన్నవాళ్ల మీద నమ్మకం ఉంచడం. పక్కవాడు గిల్లుతాడన్న భయం ఉన్నవాడు మూయడు. ఇంట్లో గొడవల మధ్య పెరిగే పిల్లలు, దెబ్బలు తిన్న పిల్లలు, ఈమధ్యే దగ్గరివాళ్లని పోగొట్టుకున్న పిల్లలు కళ్లు మూయగానే ఏం చూస్తారో మనకి తెలియదు. గుమ్మం వైపు చూస్తున్నాడన్నారు. ఎవరైనా వస్తే ముందు తనకి తెలియాలని కావచ్చు, ఏమీ కాకపోనూవచ్చు. అందరి ముందూ కారణం మాత్రం అడగొద్దు.

శ్వాస కూడా అందరికీ పడదు. ఆస్తమా ఉన్న పిల్లకి "ఊపిరి మీద ధ్యాస పెట్టు" అంటే, రోజూ దేనికి భయపడుతోందో దాని ముందే కూర్చోబెట్టినట్టు. టెన్షన్ ఎక్కువ ఉన్న పిల్లలు కూడా ఊపిరిని గమనిస్తుంటే ఇంకా బిగుసుకుపోవడం నేను చూశాను. మనసు ఆనుకోవడానికి ఏదో ఒక చోటు కావాలి, అంతే. అది శ్వాసే కానక్కర్లేదు. పాదాలు నేలకి తగులుతున్న చోటు, బల్ల మీద అరచేతికి తెలిసే చల్లదనం, బయటినుంచి వినిపించే చప్పుడు, ఏదైనా సరే. నేను చెప్పే మాట ఇలా ఉంటుంది: "కళ్లు మూసుకోవచ్చు, లేదా బల్ల మీద ఒక చుక్కని చూస్తూ ఉండొచ్చు. ఇష్టం లేకపోతే ఊరికే కూర్చోండి, పక్కవాళ్లని కదిలించకండి." మూడో దారి తెరిచి ఉంచితేనే మొదటి రెండూ నిజమైన దారులవుతాయి.

లెక్కతేలాలి గారు చెప్పిన ప్రయోగంలో ఇంకో సంగతి కూడా బయటపడింది. అప్పటికే మానసికంగా ఇబ్బందిలో ఉన్న పిల్లలకి ఇది మేలు చెయ్యకపోగా, కొన్ని కొలతల్లో కాస్త వెనక్కి లాగినట్టు కనిపించింది. తేడా చిన్నదే, కానీ అందరికీ ఒకే మందు పొయ్యకూడదని చెప్పడానికి అది చాలు. ఒక పిల్ల ఏడిస్తే, వణికితే, మొహం పాలిపోతే ఆపేసి మామూలు పనిలో పెట్టండి. నీళ్లు తెమ్మనండి, పుస్తకాలు పంచమనండి. తర్వాత విడిగా మాట్లాడొచ్చు.

చివరగా ఒకటి. అల్లరి చేసినవాడిని "వెళ్లి మూల కూర్చుని ధ్యానం చెయ్" అని ఎప్పుడూ అనకండి. గోడకుర్చీకీ దానికీ తేడా ఉండదు.


చిన్నబడి
మంగళవారం, రాత్రి 9:55

నాది రెండో తరగతి. మాకు ఈ గొడవలేం లేవండీ, ఎందుకంటే నేను కళ్లు మూసుకోమననే అనను. రెండు నిమిషాలు కూడా ఎక్కువే. ఏడేళ్ల పిల్లలకి ఒక్క నిమిషం.

ఒక స్టీలు గ్లాసు బోర్లించి, వేళ్లతో పైన పట్టుకుని, చెంచాతో అంచు మీద ఒక్కటి కొడతాను. "చప్పుడు పూర్తిగా అయిపోయాక చెయ్యెత్తండి." అంతే ఆట. మొదట్లో కొట్టీ కొట్టకముందే చేతులు లేచేవి. నాలుగైదు రోజులకి ఏమైందంటే, గది మెల్లమెల్లగా ముందుకి వంగడం మొదలైంది, అలా ఉంటుంది చూడ్డానికి. చేతులు ఒకటొకటిగా లేస్తాయి. ఎవరు కరెక్టో నేను చెప్పను. ఎవరి చెవి వాళ్లది.

ఒకరోజు అందరి చేతులూ లేచినా ఒక పిల్ల చెయ్యి లేవలేదు. ఏమ్మా అంటే "గ్లాసు అయిపోయింది మేడమ్, ఫ్యాను లోపల ఇంకో ఫ్యాను తిరుగుతోంది, అది వింటున్నా" అంది. అందరం విన్నాం. నిజమే, టిక్కు టిక్కుమని ఇంకో చప్పుడు ఉంది. మూడేళ్లుగా ఆ గదిలో ఉన్నాను, నాకెప్పుడూ వినపడలేదు.


లెక్కతేలాలి
బుధవారం, ఉదయం 6:40

చిన్నబడి గారూ, ఇది నాకు నచ్చింది. కానీ ఇది వినికిడి ఆట. మంచి టీచర్లు ఎప్పటినుంచో ఆడిస్తున్నదే. దీనికి పెద్ద పేరు ఎందుకు అన్నది నా బాధ. పేరు పెట్టగానే ట్రైనింగు, ట్రైనింగు రాగానే కాగితం, కాగితం రాగానే డస్టరు.


చిన్నబడి
బుధవారం, ఉదయం 7:30

పేరు మీరే తీసుకోండి సార్, గ్లాసు మాత్రం నాకు వదిలెయ్యండి.


పాతమాస్టారు
బుధవారం, ఉదయం 11:10

రిటైరయ్యాను. సైన్సు చెప్పేవాడిని. చర్చంతా పిల్లల కళ్ల చుట్టూ తిరుగుతోంది. కాసేపు బల్ల ఇవతలికి వద్దాం.

1970ల్లో అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ సైన్సు క్లాసుల్ని టేపుల్లో రికార్డు చేసి, టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నాడో కొలిచింది. సగటున ఒక్క సెకను. ఆ ఒక్క సెకనులో జవాబు రాకపోతే టీచరు ఇంకొకరిని లేపుతాడు, లేదా తనే చెప్పేస్తాడు. దాన్ని మూడు సెకన్లు చేయించి చూస్తే జవాబులు పొడుగయ్యాయి, "తెలీదు సార్" తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు విప్పారు, పిల్లలే ఎదురు ప్రశ్నలు వెయ్యడం పెరిగింది.

ఇది చదివి నేను అనుకున్నాను, మూడు సెకన్లేగా, ఎవరైనా ఆగుతారు అని. మర్నాడు క్లాసులో ప్రయత్నించాను. బాబూ, ప్రశ్న అడిగి నోరు మూసుకుని మనసులో "ఒకటి... రెండు..." అని లెక్కపెడుతుంటే రెండు దగ్గరే నాలుక దురద పెట్టింది. అరచేతిలో సుద్ద చెమటకి మెత్తబడింది. ఆ నిశ్శబ్దం పిల్లల్ని ఏమీ చెయ్యడం లేదు, నన్ను తినేస్తోంది. జవాబు రాకపోతే నా పాఠం బాగాలేదని నలభై మంది ముందు తేలిపోతుందన్న భయం. ఇరవై రెండేళ్ల సర్వీసు అయ్యాక, నేను తొందర తొందరగా జవాబులు చెప్పేసేది సిలబస్ కోసం కాదని ఆరోజు తెలిసింది.

నా దృష్టిలో క్లాసులో మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఆ మూడు సెకన్లు. కాగితం అక్కర్లేదు, ప్రిన్సిపాల్ గారి అనుమతీ అక్కర్లేదు.

ఇంకొకటి కూడా దొరికింది. ఎవరెవరిని ప్రశ్న అడుగుతున్నానో ఒక వారం పాటు హాజరుపట్టీ వెనక గీతలు గీసుకున్నాను. ఎడమ వైపు వాళ్లని దాదాపు అడగనే లేదు. పక్షపాతమా అంటే కాదు. ఎడమ వైపు కిటికీ ఉంది, వెలుగు కంట్లో పడుతుంది, అందుకని నా మొహం దానంతటదే కుడి వైపు తిరిగి ఉండేది. ఆ వెలుగు వల్ల ఎన్నేళ్లుగా ఎంతమంది ఎడమ వైపు పిల్లలు నా క్లాసులో సుఖంగా మొద్దుల్లా మిగిలిపోయారో.

సుద్దముక్క గారూ, డస్టరు ఎత్తడానికి ముందు మీ ఒంట్లో ఏమవుతుందో ఒకసారి చూసుకోండి. నాకు దవడ బిగుసుకునేది. మా ఆవిడ చెప్పే వరకు నాకే తెలియదు. తెలిశాక, దవడ బిగిసిందంటే కేకకి పది సెకన్ల ముందున్నానని లెక్క. ఆ పది సెకన్లలో వెనక్కి తిరిగి బోర్డు తుడిచేవాణ్ణి. మా బోర్డు ఎప్పుడూ శుభ్రంగా ఉండేది.


లెక్కతేలాలి
బుధవారం, మధ్యాహ్నం 12:25

మాస్టారూ, ఇది ఒప్పుకుంటాను. నిజాయితీగా ఒక్కటి చేర్చాలి, నిన్న నేను చెప్పకుండా వదిలేశాను. అదే బ్రిటన్ ప్రయోగంలో టీచర్ల సంగతి వేరుగా చూశారు. శిక్షణ అయిన వెంటనే వాళ్లలో ఉద్యోగపు అలసట కొంత తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. న్యూయార్క్‌లో 36 ప్రాథమిక పాఠశాలల్లో 224 మంది టీచర్లతో, టీచర్లకే మైండ్‌ఫుల్‌నెస్ నేర్పే కేర్ అనే కార్యక్రమం మీద చేసిన అధ్యయనం 2017లో వచ్చింది. టీచర్ల ఆందోళన తగ్గిందనీ, క్లాసులో పిల్లలతో వాళ్ల మాటతీరు మెరుగైందనీ తేలింది. పిల్లలకి నేర్పిన చోట కంటే టీచర్లకి నేర్పిన చోటే ఎంతో కొంత కనపడుతోంది. నా అంచనా తప్పిందని కాదు, దారి మారింది.


ఇంటివైపు
బుధవారం, రాత్రి 9:12

నేను టీచర్‌ని కాదు, ఏడో తరగతి చదివే పాప తల్లిని. కొంచెం భయంగానే అడుగుతున్నాను. ఇది మతానికి సంబంధించినదా? పాప ఇంటికొచ్చి "స్కూల్లో ధ్యానం చేయిస్తున్నారు" అంది. మా ఇంట్లో పెద్దవాళ్లకి అది నచ్చలేదు. స్కూలు వాళ్లని అడిగితే "అందరూ చేస్తున్నారు మేడమ్" అన్నారు. నాకు కావాల్సింది ఆ జవాబు కాదు.


తెలుగుపీరియడ్
బుధవారం, రాత్రి 10:20

భయమెందుకండీ, అడగాల్సిన ప్రశ్నే. పుట్టుక బౌద్ధ సాధనలోదే, దాచాల్సిన పని లేదు. ఇప్పుడు స్కూళ్లలో తిరుగుతున్న రూపం మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చింది. 1979లో జాన్ కబట్-జిన్ అనే ఆయన మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో, మందులకి లొంగని నొప్పులతో బాధపడేవాళ్ల కోసం కొన్ని వారాల కోర్సు పెట్టాడు. అందులో దేవుడు, మంత్రం, దీక్ష ఏవీ ఉంచలేదు. మన దేశంలో 2018 జులైలో ఢిల్లీ ప్రభుత్వం తన స్కూళ్లలో ఎనిమిదో తరగతి వరకూ హ్యాపీనెస్ పీరియడ్ పెట్టింది. అది కూడా మైండ్‌ఫుల్‌నెస్‌తోనే మొదలయ్యేది.

గొడవలు మాత్రం ఇక్కడే కాదు, అంతటా ఉన్నాయి. అమెరికాలో అలబామా రాష్ట్రం 1993లో ప్రభుత్వ స్కూళ్లలో యోగాని నిషేధించింది, 2021లో ఎత్తేసింది. ఎత్తేస్తూ ఆసనాలు వెయ్యొచ్చు గానీ "నమస్తే" అనకూడదని చట్టంలో రాసుకున్నారు!

స్కూలుని మీరు అడగాల్సినవి ఇవి: ఏం మాటలు పలికిస్తున్నారు, ఎలా కూర్చోబెడుతున్నారు, ఇష్టం లేని పిల్ల ఆ రెండు నిమిషాలూ పుస్తకం చదువుకోవచ్చా. మూడో ప్రశ్నకి "చదువుకోవచ్చు" అని వెంటనే వస్తే నాకైతే మిగతా రెండింటి మీద అనుమానం ఉండదు.


ఇంటివైపు
బుధవారం, రాత్రి 10:41

థాంక్యూ అండీ. మూడోదే ముందు అడుగుతాను.


పరీక్షహాలు
గురువారం, సాయంత్రం 6:15

పదో తరగతికి ఫిజిక్స్ చెప్తాను. నాకు ఇది ఒక్కచోట పనికొచ్చింది, పరీక్ష ముందు. నేను దాన్ని మైండ్‌ఫుల్‌నెస్ అనను, "పొడుగు నిశ్వాస" అంటాను. గాలి పీల్చేటప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలేటప్పుడు కాస్త నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకి వెళ్లే వేగస్ అనే నరం చేసే పని అది. పిల్లలు మణికట్టు మీద వేలు పెట్టుకుని చూస్తే కొందరికి తెలుస్తుంది కూడా. నాలుగు అంకెలు పీలిస్తే ఆరేడు అంకెలు వదలండి అంటాను. ఫిజిక్స్ పిల్లలకి "మనసు ప్రశాంతమవుతుంది" అంటే నవ్వుతారు, "నాడి నెమ్మదిస్తుంది, కొలుచుకోండి" అంటే చేస్తారు.

ఒక తప్పు చేశాను, చెప్తాను. మొదటి ఏడాది దీన్ని సరిగ్గా పరీక్ష రోజు పొద్దున్న మొదటిసారి నేర్పాను. ఇద్దరు పిల్లలు మరీ గట్టిగా పీల్చి తల తిరుగుతోందన్నారు. హాల్ టికెట్ చేతిలో పట్టుకుని తల తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇప్పుడు మూడు నెలల ముందు నుంచి, ఏ టెన్షనూ లేని మామూలు రోజుల్లో, వారానికి రెండుసార్లు చేయిస్తున్నాను. ఈత నేర్చుకోవడం వరద రోజున కాదు కదా.


తెలుగుపీరియడ్
గురువారం, రాత్రి 9:00

అమెరికన్ సైకాలజిస్టు విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. చెదిరిన ధ్యాసని మళ్లీ మళ్లీ వెనక్కి తెచ్చుకోగలగడమే వివేకానికీ, శీలానికీ, సంకల్పానికీ మూలమనీ, దాన్ని పెంచే చదువే అసలైన చదువనీ. ఆ వెంటనే, ఆదర్శం చెప్పడం తేలికే గానీ ఎలా చెయ్యాలో చెప్పడం కష్టమని కూడా ఒప్పుకున్నాడు. 130 ఏళ్లు దాటాయి, మనం స్టీలు గ్లాసు దగ్గర ఉన్నాం.


లెక్కతేలాలి
గురువారం, రాత్రి 9:25

కాగితం కంటే గ్లాసు నయం.

సుద్దముక్క గారికి ఒక మాట. మీరు లెక్కల టీచరు కదా, ఈ రెండు నిమిషాల్ని లెక్క బయట ఎందుకు పెట్టాలి? హార్వర్డ్‌లో ఎలెన్ లాంగర్ అని ఒక సైకాలజిస్టు ఉన్నారు. ఆవిడ మైండ్‌ఫుల్‌నెస్ అనేదానిలో ధ్యానమే లేదు. ఎదురుగా ఉన్నదాంట్లో ఇంతకుముందు చూడని తేడాలు గమనించడం, అంతే. బోర్డు మీద బొమ్మ వెయ్యండి, ఒక నిమిషం ఎవరూ పెన్ను ముట్టుకోకూడదు అనండి. ఏం చూశారో చెప్పమనండి. ఇది రిజిస్టరులో ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.


సుద్దముక్క
మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:10

ఇన్నాళ్లు రాయనందుకు క్షమించండి, టెస్టు పేపర్లు. ఏం చేశానో, ఏం కాలేదో రెండూ చెప్తాను.

ముందు పిల్లలకి సారీ చెప్పాను, డస్టరు సంగతికి. ఎంత బాగా నవ్వారో. ఆ తర్వాత వినేచెవి గారి మూడు దారులూ బోర్డు మీద రాశాను. మొదటిరోజు క్లాసులో సగం మంది మూడో దారే పట్టారు, "ఊరికే కూర్చుంటాం సార్" అని. నా గుండె జారింది. వారం తిరిగేసరికి ఎనిమిది మంది మిగిలారు. ఆ ఎనిమిది మందీ ఇవాళ్టికీ ఊరికే కూర్చుంటున్నారు. కూర్చోనివ్వండి.

గిల్లేవాడు ఇంకా గిల్లుతున్నాడు. వాడి మీద ఏ సాధనా పని చెయ్యలేదు, చోటు మార్చడం పని చేసింది. నిద్రపోయే అమ్మాయిని విడిగా అడిగితే, రాత్రి చెల్లెలు ఏడుస్తుంటే తనే ఎత్తుకుని తిరుగుతుందట, పడుకునేసరికి పన్నెండు దాటుతుందట. ఆ పిల్లకి కావాల్సింది నిద్రే. ఆ రెండు నిమిషాలూ లేపడం మానేశాను.

స్టీలు గ్లాసు ఎనిమిదో తరగతిలో కుదరదనుకున్నాను, చిన్నపిల్లల ఆట అంటారని. కుదిరింది. కాకపోతే గ్లాసు నా చేతిలో ఉంటే కుదరలేదు, రోజుకొకరి చేతిలో పెడితే కుదిరింది.

లెక్కతేలాలి గారి "పెన్ను ముట్టుకోని నిమిషం" గురించి. రెండు సమాంతర రేఖలు గీసి, వాటిని ఏటవాలుగా కోసే ఒక రేఖ గీశాను. సూత్రం చెప్పలేదు, పేర్లు చెప్పలేదు. చూడండి అన్నాను. ముప్పై సెకన్లు గడిచాక నాకే చెప్పెయ్యాలనిపించింది, మాస్టారి నాలుక దురద అంటే ఏమిటో తెలిసింది. సుద్దని జేబులో వేసుకున్నాను. మొదట "మూడు గీతలు" అన్నారు. "ఎనిమిది కోణాలు" అన్నారు. మళ్లీ నిశ్శబ్దం. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు, "సార్, ఎనిమిది ఉన్నాయి గానీ కొలతలు రెండే ఉన్నట్టున్నాయి. ఒకటి లావు, ఒకటి సన్నం." ఆ చాప్టరులో సగం ఆ ఒక్క వాక్యంలో ఉంది. నేను ఏటా రెండు పీరియడ్లు చెప్పి, ఏకాంతర కోణాలు, సదృశ కోణాలు అని బట్టీ పట్టించి, చివరికి రాబట్టేది అదే. సిలబస్_పరుగు గారూ, ఆ పది పీరియడ్ల లెక్క ఇటు వైపు నుంచి కూడా ఒకసారి వెయ్యాలండీ.

ఇది రోజూ జరగదు. బుధవారం బీజగణితంతో ఇదే చేస్తే అందరూ శుభ్రంగా పరధ్యానంలోకి వెళ్లారు. "ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను, ఒకడు "మీరు అడిగినప్పుడే సార్" అన్నాడు.

ఇక కళ్లు మూయని అబ్బాయి. ఏమీ అడగలేదు. చోటు మాత్రం, గుమ్మం ఎదురుగా కనపడే బెంచీకి, చాలామందితో పాటు కలిపి మార్చాను, వాడి కోసమని తెలియకుండా. ఇప్పుడు గుమ్మం వైపు చూడడం తగ్గింది, బల్ల మీద చుక్కని చూస్తున్నాడు. కళ్లు ఇప్పటికీ మూయడు. మొన్న బెల్లు కొట్టాక నా దగ్గరికొచ్చి, "సార్, నా బల్ల మీద ఎవరో దబ్బనంతో 'సెలవు ఇంకా 19 రోజులు' అని చెక్కారు. ఆ కింద 18, 17 అని కొట్టేసుకుంటూ పోయి 11 దగ్గర ఆపేశారు" అన్నాడు. ఎందుకు ఆపేశారంటావు అన్నాను. "అదే ఆలోచిస్తున్నా" అని వెళ్లిపోయాడు. ఈ ఏడాదిలో వాడు నాతో మాట్లాడిన అతి పొడుగు మాట అది.


వినేచెవి
శనివారం, రాత్రి 10:48

బెంచీ మార్చిన పద్ధతి చాలా బాగుంది. వాడు మళ్లీ ఎప్పుడైనా మీ దగ్గరికి వస్తే, రావడానికి కారణం బల్లే అయినట్టు ఉండనివ్వండి.


వెనకబెంచి
శనివారం, రాత్రి 11:02

11 దగ్గర దబ్బనం పట్టుబడి ఉంటుంది సార్. అనుభవం.


పాతమాస్టారు
ఆదివారం, ఉదయం 5:30

సంతోషం బాబూ. మరి గీతలు గీసుకున్నారా, ఎవరిని ఎన్నిసార్లు అడుగుతున్నారో?


సుద్దముక్క
ఆదివారం, ఉదయం 8:15

గీశాను మాస్టారూ. మా గదిలో కిటికీ కుడి వైపు ఉంది. శుక్రవారం లెక్క: ఎడమ వైపు పదకొండు, కుడి వైపు నాలుగు.